ఆ మధ్యాహ్నం రేడియో చెప్పిన టైము

ఇరవై ప్రశ్నలు కావాలని అడిగారు. పాత రేడియో రోజుల మీద, సరదాగా ఉండేవి. మా అపార్టుమెంటులోని తెలుగువాళ్ళంతా కొత్త సంవత్సరం వెళ్ళాక వచ్చే ఆదివారం క్లబ్‌హౌస్‌లో కలుస్తారట. పిల్లలకు డాన్సులు, ఆడవాళ్ళకు ముగ్గులు, ముసలివాళ్ళకు క్విజ్జు. నేను ముసలివాళ్ళ లెక్కలో చేరి చాలా రోజులైంది కాబట్టి ఆ పని నాకు తగిలించారు.

అడగడానికి వచ్చింది మూడో అంతస్తులో ఉండే అమ్మాయి. ఏదో కంపెనీలో ఉద్యోగం. చెవి దగ్గర ఫోను పెట్టుకుని మాట్లాడుతూనే నా తలుపు కొట్టింది.

"ఆంటీ, జస్ట్ ట్వంటీ క్వశ్చన్స్ చాలు. మీ టైమ్‌లో రేడియోనే కదా ఎంటర్‌టైన్‌మెంట్? నోస్టాల్జియా అయితే అందరూ కనెక్ట్ అవుతారు" అంది.

నాకు నోస్టాల్జియా లేదమ్మా, మోకాళ్ళ నొప్పులున్నాయి అందామనుకున్నాను. నర్సుగా ముప్పై ఎనిమిదేళ్ళు నిలబడి పనిచేసిన కాళ్ళివి. తలుపు దగ్గర నిలబడి వాదించే ఓపిక లేక సరే అన్నాను.

తలుపు వేసుకున్నాక నన్ను నేనే తిట్టుకున్నాను. పాత రేడియో అంటే మా అక్క. అక్కను పిలవకుండా ఆ క్విజ్జు పెట్టలేను. పిలిస్తే ఆమె తన కథ చెబుతుంది. రేడియో వల్ల తన ఉద్యోగం ఎలా పోయిందో ఆమె చెప్పే కథ మా చుట్టాలందరికీ కంఠతా వచ్చు. ఆ కథలో ఒక అబద్ధం ఉంది. దాన్ని అందులో పెట్టింది నేను. ఆ సంగతి అక్కకు తెలియదు. ఆమె ఎప్పుడు చెప్పినా నేను పక్కన కూర్చుని అందరితో పాటు నవ్వుతూ వచ్చాను, కొంచెం అటూ ఇటూగా అరవై ఏళ్ళు. ఇక ఆ నవ్వు నా వల్ల కాదనిపించింది.

అయినా ప్రశ్నలు రాయడానికి కూర్చున్నాను. రేడియోకు లైసెన్సు ఎక్కడ ఇచ్చేవారు? పోస్టాఫీసులో. ఈ కాలం పిల్లలు నమ్మరు గానీ, పాటలు వినడానికి కూడా సర్కారు దగ్గర ఒక చిన్న పుస్తకం తీసుకోవాల్సి వచ్చేది. ఇంటి మీద రెండు కర్రల మధ్య వలలాగా కట్టేది ఏమిటి? ఏరియల్. కాకి వాలితే స్టేషను మారిపోయేది, కాకిని అదిలించడం ఇంట్లో చిన్నవాళ్ళ డ్యూటీ. బొమ్మ లేకుండా సినిమా చూడటం ఎలా? గంటలో కథంతా మాటల్లోనే వినిపించేవారు, ఎవరు ఎవర్ని కొడుతున్నారో చెంపదెబ్బ చప్పుడును బట్టి ఊహించుకోవాలి. మా వీధిలో ఆడవాళ్ళు ఆ చప్పుళ్ళకే ఏడ్చేవాళ్ళు.

కోరిన పాటల సంగతి రాయాలంటే ఒక ప్రశ్న చాలదు. ఒక్కో కార్డులో పాట కంటే పేర్లు పొడుగు. తాత, అవ్వ, మేనమామ, వాళ్ళ మేనకోడళ్ళు, ఇంకా పేరు పెట్టని పాప. ఆ పేర్లన్నీ చదివేసరికి అనౌన్సరుకు ఆయాసం వచ్చేది, పాట సగంలో టైమైపోయేది. మా పేర్లు ఎన్నడూ రాలేదు. అమ్మకు రాయడం రాదు, నాయన దగ్గర లేడు, అక్కకేమో అలాంటివాటికి తీరిక లేదు.

అన్నిటికంటే నాకు నవ్వు తెప్పించేది సముద్రంలో వేటకు వెళ్ళే జాలర్లకు చెప్పే హెచ్చరిక. మాది రాయలసీమలో వానకు మొహం వాచిన ఊరు. సముద్రం సంగతలా ఉంచండి, మా ఏట్లో నీళ్ళు నేను పుట్టాక నాలుగైదు సార్లు పారి ఉంటాయి. అయినా అలలు ఎంత ఎత్తున వస్తాయో చెబుతుంటే మా వీధంతా పని ఆపి వినేది. పక్కింటామె "పాపం, పిల్లలు కలవాళ్ళు" అని ఎవరో తెలియని జాలర్ల కోసం ప్రార్థన కూడా చేసేది.

మా ఇంట్లో గడియారం లేదు. ఈ మాట దగ్గర నా పెన్ను ఆగింది, ఎందుకంటే అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

మా నాయన వేరే ఊళ్ళో ఒక మిషన్ బంగళాలో వంటవాడు. నెలకోసారి ఇంటికి వచ్చేవాడు. ఆ బంగళా దొరసానమ్మ తన దేశానికి వెళ్ళిపోతూ పాత రేడియో ఒకటి ఆయన చేతిలో పెట్టింది. దానికి ఇటుకంత బ్యాటరీ. అది నీరసపడితే ఎండలో పెట్టి మళ్ళీ తగిలించేవాళ్ళం. ఆ రేడియో మాకు పాటల పెట్టె కాదు, గడియారం. మంగళవాద్యం వచ్చేసరికి వాకిలి ఊడ్చి ఉండాలి. పొద్దుటి వార్తలకు పొయ్యి వెలగాలి. బజారు ధరలు చెబుతుంటే అమ్మ వేరుశనగ కాయలు వొలిచే మిల్లుకు బయలుదేరేది. పక్కిళ్ళ వాళ్ళకు కూడా మా రేడియోనే టైము, అందుకే కిటికీలో, వీధి వైపు తిప్పి పెట్టేవాళ్ళం. నేను పుట్టింది కూడా పంచాయతీ రేడియోలో ధరలు చెబుతున్నప్పుడేనట. ఏ ధర దగ్గర అని అడిగితే, ముద్దొచ్చినప్పుడు "బెల్లం దగ్గర" అనేది అక్క, కోపమొస్తే "ఎండుమిరపకాయల దగ్గర" అనేది.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. అమ్మ మిల్లులో ఉంటే నాకు తల దువ్వింది, అన్నం పెట్టింది, జ్వరమొస్తే పక్కన పడుకుంది ఆమె. తనకు పదిహేడేళ్ళప్పుడు బెంగళూరులో ఒక మిషన్ ఆసుపత్రి నుంచి కార్డు వచ్చింది, నర్సు ట్రైనింగుకు ఇంటర్వ్యూకి రమ్మని. మా ఊరి మీదుగా బెంగళూరుకు రోజుకు ఒకటే బస్సు, మధ్యాహ్నం మూడింటికి. మరునాటి పొద్దునే ఇంటర్వ్యూ. అక్క ప్రయాణానికి ముందు రోజంతా, తెల్లవార్లూ కూర్చుని తనకు తెల్ల జాకెట్టు కుట్టుకుంది. సంచి సర్దుకుని, తల స్నానం చేసి, పదకొండు గంటల ప్రాంతంలో చాప వేసుకుంది.

"ఒక్క కునుకు తీస్తానే. స్త్రీల కార్యక్రమం అయిపోయి పాటలు మొదలు పెడతారు చూడు, అప్పుడు లేపు" అని నాకు చెప్పింది.

నాకు అప్పుడు గవదబిళ్ళలు. గొంతు చుట్టూ గుడ్డ కట్టుకుని, బడి ఎగ్గొట్టి రేడియో పక్కనే కూర్చున్నాను.

అక్క నిద్రపోయిన కాసేపటికి రేడియో ఉన్నట్టుండి ఆగిపోయింది. తర్వాత ఒక మగ గొంతు, ఢిల్లీలో పెద్ద నాయకుడు ఒకాయన పోయారని చెప్పింది. ఆ వెనక వీణ మొదలైంది. వీణ అయితే సారంగి, సారంగి అయితే మళ్ళీ వీణ. పెద్దవాళ్ళు పోతే అన్ని కార్యక్రమాలూ మానేసి అట్లా విషాద సంగీతం వేస్తారని అప్పటికి మా వీధిలో ఎవరికీ తెలియదు. స్త్రీల కార్యక్రమం రాలేదు, పాటలూ రాలేదు. నీడ చూసి పొద్దు తెలుసుకుందామంటే ఆ రోజు మబ్బు. మా వీధి మొత్తానికి టైము తప్పింది. స్త్రీల కార్యక్రమం వచ్చాక పప్పు దించుదామని కూర్చున్న పక్కింటామె పప్పు మాడబెట్టింది. ఎదురింట్లో బీడీలు చుట్టే ముసలాయన అన్నం వేళ కాలేదనుకుని ఆకలితోనే చుట్టుకుంటూ కూర్చున్నాడు.

రోడ్డు మీద బస్సు హారన్ వినిపించి అక్క ఉలిక్కిపడి లేచింది. జడ కూడా వేసుకోకుండా, సంచి పట్టుకుని పరుగెత్తింది. మా ఇంటికీ రోడ్డుకూ మధ్య చర్చి, చర్చి పక్కన చింతతోపు. ఆమె వెళ్ళేసరికి బస్సు వెళ్ళిపోయింది. తిరిగి వచ్చి గడప మీద కూర్చుని, ఎందుకు లేపలేదే అని అడిగింది. "రేడియోలో ఏమీ రాలేదక్కా, వీణే వచ్చింది" అన్నాను. మాడిన పప్పు గిన్నె తెచ్చి చూపించి పక్కింటామె కూడా నాకు సాక్ష్యం చెప్పింది. అక్క నన్ను ఒక్క మాట అనలేదు.

దేశమంతా దుఃఖంలో ఉంది కాబట్టి ఇంటర్వ్యూ వాయిదా పడి ఉంటుందని నాయన ఉత్తరం రాశాడు. వాయిదా పడలేదు. సీట్లు నిండిపోయాయి, మరుసటి ఏడు రాయమన్నారు. మరుసటి ఏటికి అక్కకు పెళ్ళయిపోయింది.

ఇదీ అక్క చెప్పే కథ. ఇప్పుడు నా అబద్ధం చెబుతాను. వీణ మధ్యలో ఒకసారి ఆగింది. టైము చెప్పే ముందు వచ్చే కూతలు వినిపించాయి. మధ్యాహ్నం రెండు గంటలైందని స్పష్టంగా చెప్పి వార్తలు మొదలుపెట్టారు. పక్కింటామె అప్పుడు బావి దగ్గర ఉంది. ఎదురింటి ముసలాయనకు చెముడు. విన్నది నేనొక్కదాన్నే. అక్క వైపు చూశాను. చెయ్యి తల కింద పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. నేను చెయ్యి చాపి రేడియో సౌండు తగ్గించాను.

అంతకు మించి నేను చేసిందేమీ లేదు. అక్క పోకూడదు, అంతే నాకు తెలిసింది. అక్క పోతే ఆ ఇంట్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేనొక్కదాన్నే ఉండాలి. పదకొండేళ్ళ పిల్లను కదా అని నన్ను నేను చాలాసార్లు క్షమించుకున్నాను. ఆ మందు ఎక్కువ రోజులు పనిచేయలేదు.

ఆరేళ్ళ తర్వాత అదే బస్సెక్కి అదే ఆసుపత్రికి నేను వచ్చాను. అక్క తాను కుట్టుకున్న తెల్ల జాకెట్టును నా కొలతకు చిన్నది చేసి ఇచ్చింది. అప్పటికి ఆమెకు ఇద్దరు పిల్లలు. తర్వాత కరువులో వాళ్ళు కూడా బెంగళూరు వచ్చారు. బావ తాపీ మేస్త్రీ, అక్క ఆయన వెనక సిమెంటు తట్టలు మోసింది. బెళ్ళందూరు వైపు ఉన్న ఆ అద్దాల ఆఫీసుల్లో కొన్నిటికి పునాదుల్లో ఆమె చెమట ఉంది. ఇసుక, కంకర, రేకుల షెడ్డు, మళ్ళీ ఇంకో చోట ఇంకో షెడ్డు. బావ పోయాక ఇప్పుడు కొడుకు దగ్గర, బెళ్ళందూరులోనే రెండు గదుల ఇంట్లో ఉంటోంది.

నేను చేసిన రెండో తప్పు ఏమిటంటే, ఆమె ముందు నా ఉద్యోగాన్ని ఎప్పుడూ తిట్టాను. ఆదివారం చర్చి తర్వాత ఆమె దగ్గరకు వెళ్ళి కాళ్ళు చాపుకుని, నైట్ డ్యూటీలతో చచ్చిపోతున్నా, డాక్టర్లు కుక్కల్లా అరుస్తారు, రక్తం కంపు ముక్కులోంచి పోదు, నువ్వు అదృష్టవంతురాలివి అక్కా, తప్పించుకున్నావు అనేదాన్ని. పోయింది పెద్ద గొప్పదేం కాదని ఆమెకు అనిపించాలని. తట్ట దించి వచ్చిన మనిషి నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కొబ్బరినూనె రాసేది. దాన్ని తలచుకుంటే ఇప్పుడు కూడా నాకు సిగ్గుగా ఉంటుంది.

క్విజ్జు ముందు రోజు శనివారం అక్క వచ్చింది. బెళ్ళందూరు నుంచి బ్రూక్‌ఫీల్డ్‌లో ఉన్న మా అపార్టుమెంటుకు రెండు బస్సులు మారి, గంటన్నర ట్రాఫిక్‌లో నలిగి వచ్చింది. సంచిలోంచి పెద్ద స్టీలు డబ్బా తీసింది. రాత్రే నానబెట్టిన అనప గింజలు. రేపటికి పితికిపప్పు చేద్దామంది. ఇద్దరం బాల్కనీలో చెరో స్టూలు వేసుకుని గింజలు పితకడం మొదలుపెట్టాం. నొక్కితే పప్పు ఒక గిన్నెలోకి, పొట్టు ఇంకో గిన్నెలోకి.

"ఏదీ, క్వశ్చన్లు చదువు. నాకు వస్తాయో లేదో చూద్దాం" అంది.

ఒక్కోటీ చదివాను. అన్నీ చెప్పేసింది. కాకి ప్రశ్న దగ్గర "నువ్వు కాకిని కొట్టబోయి ఏరియలే పీకినావు కదే" అని నవ్వింది. పంతొమ్మిది అయ్యాయి. ఇరవయ్యోది నేను రాసింది కాదు. పొద్దున మూడో అంతస్తు అమ్మాయి మెసేజ్ పెట్టింది, లీడర్స్ చనిపోతే రేడియోలో శాడ్ మ్యూజిక్ ఒక్కటే వేసేవారట కదా ఆంటీ, అది కూడా అడగండి అని. నేను దాన్ని దాటేసి కాగితం మడిచాను.

"పంతొమ్మిదే వచ్చినాయి. ఇంకోటి ఏమైంది?" అంది అక్క. ఆమె లెక్క తప్పదు.

చదివాను.

"అది నా క్వశ్చనే కదప్పా!" అని చేతులు కొంగుకు తుడుచుకుంది. "రేపు మైకు నాకియ్యి, నేనే చెప్తా. ఢిల్లీలో ఆ మారాజుకు సావొచ్చె, ఈడ నా ఉద్యోగానికీ వచ్చె! అంత నిద్రమొద్దును నేను. ముందు రోజు కొంచెం సేపన్నా పడుకొనుంటే అట్ల అయ్యేదే కాదు. ఏం నిద్రో ఏమో, దరిద్రపు నిద్ర..."

నవ్వుతూనే అంది. ఎప్పుడూ అంటుంది ఆ మాట, కథ చివర. అందరికీ రేడియో మీద నవ్వొస్తుంది, ఆమె మాత్రం తన నిద్రను తిట్టుకుంటుంది. అన్నేళ్ళుగా వింటున్నా ఆ రోజే నాకు అది సరిగ్గా వినబడింది. తప్పు రేడియోది అని మేమంతా అనుకున్నాం, ఆమె తనది అనుకుంది.

"అక్కా, ఆ పొద్దు వార్తలు వచ్చినాయి" అన్నాను.

"ఏ వార్తలు?"

"రెండు గంటల వార్తలు. టైము చెప్పినారు. నేను విన్నాను. విని సౌండు తగ్గించినాను."

అక్క చేతిలో గింజ పితకకుండా అలాగే ఉండిపోయింది. కింద ఎవరో కారు వెనక్కి తీస్తుంటే పీ పీ అని మోగుతోంది. అది ఆగింది.

"బస్సు మూడింటికి కదా" అంది.

"మూడింటికే."

"గంట ఉన్నింది."

"ఉన్నింది అక్కా."

"ఎందుకే?"

"నువ్వు పోతావని."

ఆమె తల దించుకుని పితకడం మొదలుపెట్టింది. నేనూ పితికాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, సంచి తీసుకుని వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. గిన్నె సగం నిండింది. నా నడుము లాగేస్తోంది, అయినా లేవడానికి భయమేసింది.

"ఆ పని ఎట్లుంటుంది?" అంది ఉన్నట్టుండి.

"ఏ పని?"

"నర్సు పని."

"ఏముందక్కా, కాళ్ళు పడిపోతాయి. నీకు తెలీనిదా..."

"కాళ్ళ సంగతి నాకు చెప్పొద్దు. నాకూ కాళ్ళుండాయి" అంది. గొంతు పెరగలేదు. "పని ఎట్లుంటుంది అని అడుగుతుండాను. ఒక నిజం చెప్పినావు కదా, ఇదీ నిజం చెప్పు."

బాగుండదని చెప్పడం చాలా తేలిక. నోటికి అలవాటైన మాటే. బాగుండదంటే ఆమె పోగొట్టుకున్నది ఏమీ ఉండదు, నేను తీసుకున్నదీ ఏమీ ఉండదు, ఇద్దరం పప్పు వండుకుని పడుకోవచ్చు. కానీ అలసిపోయాను. అబద్ధాన్ని మోసి మోసి నిజంగా అలసిపోయాను.

"బాగుంటుందక్కా" అన్నాను. "చాలా బాగుంటుంది."

"చెప్పు."

చెప్పాను. మొదటిసారి తలకు టోపీ పెట్టుకుని వార్డులోకి వెళ్ళినప్పుడు, నాకంటే పెద్దవాళ్ళు మంచాల మీద సర్దుకుని కూర్చున్నారని. నా చేతుల్లోకి వచ్చిన మొదటి బిడ్డ చేపలా జారుతుంటే, పడేస్తానేమోనని గుండె ఆగినంత పనైందని. మాలూరు నుంచి వచ్చిన ఒకామెకు నాడి అందకపోతే నేనే చెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చున్నానని, ఆమె కళ్ళు తెరిచి నీళ్ళడిగిందని. కన్నడం, తమిళం, మలయాళం అన్నీ రోగుల దగ్గరే నేర్చుకున్నానని. హాస్టల్లో నాకంటూ ఒక మంచం, ఒక బీరువా, దానికి తాళం ఉండేవని, ఆ తాళం చెవి మెడలో వేసుకుని తిరిగానని. పొద్దున డ్యూటీ దిగుతుంటే ఒళ్ళు నొప్పులతో పాటు ఏదో గర్వం కూడా ఉండేదని. రిటైరైన రోజు దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని ఏడ్చానని. ఇది నేను ఎవరికీ చెప్పలేదు.

ఆపినప్పుడల్లా "ఇంకా?" అంది. ఎండ బాల్కనీ దాటి పోయింది. గింజలైపోయాయి. ఆమె ఒట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటోంది. పగుళ్ళు పోని ఆ వేళ్ళ సందుల్లో పొట్టు అంటుకుని ఉంది. చెప్పడానికి నా దగ్గర ఇక ఏమీ మిగల్లేదు.

"అదంతా నాది" అంది అక్క, నా వైపు చూడకుండా.

"నీదే అక్కా" అన్నాను.